ఊరు దాటని పాపకు వలస ముద్ర

మొన్న పుత్తూరులో ఒక పెండ్లికి పోయినాను. భోజనాలయి వక్కాకు వేసుకుంటా ఉంటే, కొత్తగా మండల విద్యాధికారి అయిన ఒక అమ్మాయి వచ్చి పక్కన కూర్చునింది. ఒకప్పుడు నా కింద టీచరుగా పనిచేసిన పిల్లే.

"మేడమ్, ఒక సందేహం. మా మండలంలో ఒకాయన బిడ్డను బడికి పంపకుండా ఇంటి కాడే చదివిస్తా ఉండాడు. కేసు పెడతామని నోటీసు ఇచ్చేదా?" అని అడిగింది.

"ఏ సెక్షను కింద పెడతావు?" అన్నాను.

"అదంతా తెలీదు మేడమ్. గట్టిగా బెదిరిస్తే పంపిస్తారులే అని పై ఆఫీసులో చెప్పినారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, పాపం ఆమెకు ఎవరు నేర్పినారని తెలవడానికి. ఆమె నోట్లోనుంచి వచ్చింది అచ్చంగా నా మాట. ఏండ్ల కిందట అదే కుర్చీలో కూర్చుని అదే ధీమాతో నేనూ అన్నాను. నేను రిటైరయిపోయినాను గానీ నా మాట ఇంకా ఉద్యోగం చేస్తానే ఉండాది.

అందుకే ఇది రాస్తా ఉండాను, కొత్తగా ఆ కుర్చీ ఎక్కినోళ్ళు చదువుతారని. ముప్పై ఏండ్లకు పైగా బడుల్లోనూ, బడుల ఆఫీసుల్లోనూ పనిచేసినదాన్ని. చేసిన మంచి పనుల గురించి శాలువా కప్పిన రోజున అందరూ మైకులో చెప్పేసినారు. ఇది మైకులో ఎవరూ చెప్పనిది.

నేను చివరగా పనిచేసిన మండలం పేరు చెప్పను. పుత్తూరు దాటి దక్షిణం దిక్కుకు పోతే వస్తాది, అంతవరకు చాలు. వడమాలపేట నుంచి రోజూ బస్సులో పోయి వస్తా ఉంటిని. మా మండలం తట్టు నేతవాళ్ళ వీధులు ఎక్కువ. పొద్దున లేస్తే మరమగ్గాల సప్పుడు. ఇంకో అరగంట బస్సులో కూర్చుంటే తమిళనాడు. ఆ అరగంట దూరమే ఈ కథలో మా కొంప ముంచింది, అది తర్వాత చెప్తాను.

ఆమె మొదటిసారి వచ్చింది జూన్ నెలలో, బడులు తెరిచిన వారం. ఆఫీసు నిండా పాఠ్యపుస్తకాల కట్టలు, బూట్ల మూటలు. కాలు పెట్టే తావు లేదు. ముప్పై దాటిన ఆడమనిషి, నూలు చీర, చేతిలో న్యూస్‌పేపరు అట్ట వేసిన నోటుపుస్తకం. వెనకాల తొమ్మిదేండ్ల పాప, తల్లి కొంగు పట్టుకుని.

"మేడమ్, మా పాపకు మాట తడబడతాది. నత్తి" అని మొదలుపెట్టింది. "ప్రైవేటు బడిలో తెలుగు అయ్యవారు రోజూ లేపి పాఠం చదవమంటాడు. పాప చదవలేక నిలబడిపోతే, తక్కిన పిల్లోళ్ళను లేపి పాప మాదిరి చదివిస్తాడు, క్లాసంతా నవ్వుకోడానికి. పోయి అడిగితే, ఇట్లా చేస్తేనే సిగ్గొచ్చి బాగవుతాది అంటాడు. నాలుగో తరగతి అయినాక టీసీ తీసుకొచ్చేసినాను. నేను బీయెడ్డు చదివినాను మేడమ్. మా ఆయన మగ్గం. పాపను ఇంటి కాడ నేనే చదివించుకుంటాను."

"చదివించుకుంటే?" అన్నాను, కట్టల లెక్క చూసుకుంటా.

"గవర్నమెంటుకు ఏం కాగితం రాసియ్యాల? ఎవరికియ్యాల? రేపు పాప మళ్ళా బడికి వస్తానంటే ఎట్లా చేర్చాల? ఈ మూడూ చెప్తే రాసుకుని పోతాను."

ఎంత మర్యాదగా అడిగిందో చూడండి. ఎవరికీ చెప్పకుండా బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టుకునేవాళ్ళు మండలంలో ఎంతమందో ఉండినారు. వాళ్ళెవరూ మా గుమ్మం తొక్కలేదు. ఈమె నియమం ఏందో తెలుసుకుని దాని ప్రకారం నడుచుకోవాలని వచ్చింది. నేను ఆమెకు కుర్చీ కూడా చూపించలేదు.

"అట్లా కుదరదమ్మా. చదువు నిర్బంధం. బడికి పంపకపోతే తల్లిదండ్రుల మీద కేసు పెడతారు" అన్నాను.

ఆమె నోటుపుస్తకం తెరిచి, పెన్ను మూత తీసింది. "ఏ సెక్షను మేడమ్?"

నాకు తెలిస్తే కదా. "ఏమ్మా, నాకే పరీక్ష పెడతా ఉండావా?" అన్నాను.

"లేదు మేడమ్. మా ఆయన అడుగుతాడు, చెప్పాల గదా."

"పో, పోయి ఏదో ఒక బడిలో చేర్పించు. ఊరికే ఇబ్బందుల్లో పడొద్దు" అన్నాను. ఆమె నిలబడే రెండు ముక్కలు రాసుకుని పోయింది. పాప పోతా పోతా ఐదో తరగతి పుస్తకాల కట్ట మీద వేలితో అట్లా తడిమి పోయింది. ఒక్క సెట్టు విప్పి ఆ బిడ్డ చేతిలో పెట్టింటే నా సొమ్మేం పోయింది? ఆ ఏడు మిగిలిన పుస్తకాలు మార్చి నెలలో చెదలు పట్టి పోయినాయి.

విద్యా హక్కు చట్టం పుస్తకం నా బీరువాలోనే ఉండింది. అట్ట మీద టీ గ్లాసులు పెట్టిన గుండ్రటి మరకలు. ఎన్నో మీటింగుల్లో ఆ చట్టం గురించి మాట్లాడినాను, ఒక ర్యాలీలో ముందు నడిచి నినాదాలు కూడా ఇచ్చినాను. లోపల మాత్రం చదవలేదు. నేనే కాదు, నాకు పైన ఉండేవాళ్ళు చదవలేదు, కింద ఉండేవాళ్ళు చదవలేదు. చదవనోళ్ళమంతా కలిసి దాన్ని అమలు చేస్తా ఉంటిమి.

ఇప్పుడు చెప్తాను వినండి, ఆమె అడిగినప్పుడు నేను చెప్పాల్సింది. చట్టం చిన్నదే, ఒక పూట కూర్చుంటే అయిపోతాది. ఆరు నుంచి పద్నాలుగేండ్ల దాకా ప్రతి బిడ్డకూ చదువు హక్కు, దాన్ని తీర్చాల్సింది ప్రభుత్వం అంటాది. పదో సెక్షనులో, బిడ్డను దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని ఉండాది. ఉండాది, నేను కాదనను. కానీ ఆ బాధ్యత తప్పితే తల్లిదండ్రులకు జైలనీ, జరిమానా అనీ అందులో ఒక్క అక్షరం లేదు. ఇంటి కాడ చదివించుకోవచ్చని లేదు, చదివించగూడదనీ లేదు. దానికి ఒక ఫారం లేదు, రిజిస్ట్రేషను లేదు, అనుమతి ఇచ్చే ఆఫీసరు లేడు. నాలుగో సెక్షను మాత్రం తేటగా ఉండాది: బడి మధ్యలో మానేసిన బిడ్డ మళ్ళా వస్తే వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాల. ఐదో సెక్షను, టీసీ ఆలస్యమయిందని ఆపగూడదంటాది. పద్నాలుగు నిండినాక ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాసుకునే దారి వేరే ఉండాది. ఇంక మండలంలో ఉండే ప్రతి బిడ్డ వివరమూ రాసి పెట్టుకోవాల్సిన పని ఎవరిదయ్యా అంటే, మాది.

అంటే నేను ఆ రోజు ఇంత చెప్పింటే సరిపోయేది. 'అమ్మా, చట్టం పాప పేరు బడిలో ఉండమంటాది. లేదని నిన్ను శిక్షించే అధికారం మాకు లేదు. పాప ఇంటి కాడ చదువుతా ఉండాదని ఒక అర్జీ రాసియ్యి, నకలు మీద ముద్రేసి ఇస్తాను. ఎప్పుడు రావాలనుకున్నా తీసుకురా, మేము చేర్చుకోవాల్సిందే.' ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు ఇయ్యలేక నాలుగేండ్లు తిప్పినాము.

ఇది ఇంతటితో ఆగింటే నన్ను తెలివితక్కువది అనుకుని వదిలేసేవాళ్ళు. నేను ఇంకో పని చేసినాను.

మీకందరికీ తెలిసిందే, ఒక బడి నుంచి పేరు పోయి ఇంకో బడిలో చేరని పిల్లల జాబితా ఒకటి కంప్యూటరులో నిలబడి ఉంటాది. దాన్ని డ్రాప్‌బాక్సు అంటారు. ఆమె వచ్చిపోయిన మరుసటి ఏడు, ఆ జాబితా సున్నా కావాలని పై నుంచి ఒత్తిడి మొదలయింది. పొద్దున ఒక వీడియో మీటింగు, సాయంత్రం ఒకటి. ఏ మండలం వెనకబడిందో ఎర్ర రంగులో చూపిస్తారు. మా మండలం ఎర్రగా ఉండింది. ఆ ఎరుపు చూసి నాకు అన్నం దిగేది కాదు.

ఇల్లిల్లూ తిరిగి పిల్లల వివరాలు రాసే మా సీఆర్పీ ఒకాయన ఉండినాడు. నెమ్మదైన మనిషి, ఎండలో టీవీఎస్ బండి మీద తిరిగి తిరిగి నల్లబడిపోయినాడు. ఆయన ఒకరోజు నా టేబులు కాడికి వచ్చి ఫోను చూపించినాడు.

"మేడమ్, మగ్గాల వీధిలో ఒక పాప ఉండాది. ఇంటి కాడే వాళ్ళమ్మ చదివిస్తా ఉండాది. నేను పోయి చూసినాను, బ్రహ్మాండంగా చదువుతాది. ఇప్పుడు ఈ యాప్‌లో ఏం పెట్టేది? బడిలో ఉండాది అని ఒకటి, వలస పోయింది, పెండ్లయింది, చనిపోయింది. ఇంతే ఉండాయి. ఇంట్లో చదువుతా ఉండాది అని లేదు."

ఎవరో రాజధానిలో కూర్చుని బిడ్డలకు నాలుగే గతులు రాసిపెట్టినారు. బడిలో ఉండాల, లేదంటే ఊరిడిచి పోవాల, లేదంటే తాళి కట్టించుకోవాల, లేదంటే చావాల. దాన్ని చూసి నేను ఆ రోజే మండిపడాల. పడలేదు.

ఇక్కడ మా సరిహద్దు మండలాల గుట్టు ఒకటి చెప్పాల. లోపలి మండలాల వాళ్ళు వలస అని పెడితే, ఏ జిల్లా, ఏ ఊరు, ఏ బడి అని ఆరా తీస్తారు. మేము 'వేరే రాష్ట్రానికి వలస' అని పెడితే పేరు జాబితాలోనుంచి మాయమైపోతాది, ఆ పక్కకు ఫోను చేసి అడిగేవాళ్ళు లేరు. నిజంగానే తమిళనాడు మిల్లులకు పోయిన కుటుంబాలు ఉండినాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఏ బిడ్డ ఆచూకీ తెలియకపోయినా, తెలిసి కూడా రాసే తావు లేకపోయినా, మా ఆఫీసులో అందరూ అనే మాట ఒకటే. నేనూ టీ తాగతా అదే అన్నాను.

"అరవనాడు పెట్టెయ్ నాయనా."

"పాప ఈడే ఉండాది గదా మేడమ్" అన్నాడాయన.

"ఉంటే ఉండనీ. రేపు మీటింగులో నిన్ను లేపరు, నన్ను లేపుతారు."

ఆయన 'వలస పోయింది' అని నొక్కేసినాడు. వారం తిరక్కుండా మా మండలం పచ్చ రంగులోకి వచ్చింది. నన్ను వేదిక మీదికి పిలిచి ప్రశంసాపత్రం ఇచ్చినారు. దాన్ని ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకున్నాను కూడా, సిగ్గులేకుండా.

తర్వాత ఆ సంగతి మరచిపోయినాను. ఇంక మూడు నెలల్లో రిటైరు అవుతాననగా, ఒక మధ్యాహ్నం ఆమె మళ్ళా వచ్చింది. అదే నోటుపుస్తకమో, అట్లాంటిదే ఇంకోటో. పక్కన ఆ పాప. పదమూడేండ్లు, తల్లి భుజం దాటి ఎదిగింది. ఆ రోజు ఎవరూ చెప్పకముందే కుర్చీ జరిపి కూర్చోమన్నాను, వయసు పైబడింది కదా, కొంచెం బుద్ధి వచ్చినట్టుంది.

"పాప హైస్కూలుకు పోతానంటా ఉండాది మేడమ్" అనింది. "నేను లెక్కలు, తెలుగు, సోషలు చెప్పగలను. సైన్సు ప్రయోగాలు నా చేత కావు. పాపకు అవే ఇష్టం. ఎనిమిదో తరగతిలో చేర్చుకోండి అని హెడ్మాస్టరు కాడికి పోతే, పాప తమిళనాడుకు వలస పోయినట్టు కంప్యూటరులో ఉండాది, ఆడి నుంచి టీసీ తెండి అంటా ఉండాడు. మేము యాడికీ పోలేదు మేడమ్. తిరుత్తణి కొండకు తప్ప ఆ పక్కకే పోలేదు. మూడు నెలల్లో పాపకు పద్నాలుగు నిండుతాయి. ఆ లోపల చేరితేనే చట్టంలో హక్కు ఉంటాది గదా."

హక్కు ఎప్పటిదాకా ఉంటాదో కూడా ఆమెకు తెలిసిపోయింది. చట్టమంతా ప్రింటు తీయించి, దారంతో కుట్టి తెచ్చింది. నాలుగో సెక్షను కింద ఎర్ర పెన్నుతో గీత.

"ఇట్లా ఎవరు పెట్టినారు మేడమ్?" అని అడిగింది.

నేను ఒప్పుకున్నానని అనుకుంటా ఉండారేమో. లేదు. "అది సిస్టమ్ తప్పమ్మా. కంప్యూటరులో అప్పుడప్పుడూ అట్లా అవుతాది. చూస్తాను" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో, ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఆమె దాన్ని కూడా రాసుకునింది.

వాళ్ళు పోయినాక జిల్లా ఆఫీసుకు ఫోను చేసినాను. అక్కడి అధికారి నాకంటే చిన్నవాడు, మాట మాత్రం పెద్దది. "వలస తీసేయాలంటే కారణం రాయాల మేడమ్. కారణం రాస్తే ఆ ఏడు మీరు పెట్టిన వలసలన్నీ బయటికి తీస్తారు. రిటైరయ్యే ముందర తేనెతుట్టెను ఎందుకు కదిలిస్తారు? మూడు నెలలు గమ్మునుండండి. తర్వాత వచ్చేవాళ్ళు చూసుకుంటారు."

మూడు నెలలు గమ్మునుంటే పాపకు పద్నాలుగు నిండిపోతాదని ఆయనకు ముందే చెప్పినాను. తెలిసే చెప్పినాడు.

మా ఆఫీసు సూపరింటెండెంటు ఇంకో దారి చూపించినాడు. చెడ్డవాడని కాదు, అందరి పనులూ ఏదో ఒక రకంగా గట్టెక్కించే మనిషి. "ఆ పక్క బడిలో నాకు తెలిసిన హెడ్మాస్టరు ఉండాడు మేడమ్. ఏడో తరగతి అక్కడ చదివినట్టు ఒక టీసీ రాయిస్తాను. కాగితానికి కాగితం సరిపోతాది" అన్నాడు. నాకూ అది బాగానే అనిపించింది. పాపకు సీటు వస్తాది, నా మీదికి రాదు. మరుసటి దినం ఆమెను పిలిపించి మెల్లిగా చెప్పినాను.

ఆమె విని తల అడ్డంగా ఊపింది. "నా బిడ్డ చదవని బడి కాగితం నాకెందుకు మేడమ్? నాలుగేండ్లు పొద్దునా సాయంత్రం కూర్చోబెట్టి చదివించినాను. అదంతా లేదని, ఎవరో చదివించినారని నేను సంతకం పెట్టేదా? నేను మీకాడికి మొదట వచ్చిందే దొంగతనంగా చదివించగూడదని."

ఆ సాయంత్రం బస్సు ఎక్కకుండా మగ్గాల వీధికి పోయినాను. విచారణకు పోతా ఉండానని ఆఫీసులో చెప్పినాను. నిజానికి ఎందుకు పోతా ఉండానో నాకే తెలీదు.

ముందర మగ్గాల షెడ్డు, వెనకాల రెండు గదుల ఇల్లు. నాలుగు మగ్గాలు ఒకేసారి ఆడతా ఉంటే పక్కనోడి మాట కూడా వినబడదు. ఆ సప్పుడులో, దారం కండెల బుట్ట పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ పాప పుస్తకం పట్టుకుని చదవతా ఉండాది. గొంతెత్తి చదవతా ఉండాదని మెడ నరాలు చూస్తే తెలుస్తా ఉండాది. నాకు ఒక్క ముక్క వినబడలేదు.

తల్లి నా చెవి కాడికి వచ్చి చెప్పింది. "రోజూ ఈడే గట్టిగా చదువుతాది మేడమ్. ఎవరికీ వినబడదు గదా, అందుకని భయం లేకుండా చదువుతాది. మొదట్లో అరపేజీ. ఇప్పుడు పాఠమంతా."

నేను ఒక స్టూలు మీద కూర్చుని నోటుపుస్తకం అడిగినాను. ఇచ్చింది. ఒక్కో పేజీలో తేదీ, ఆఫీసుకు వచ్చిన పని, ఎవరేం చెప్పినారు. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో 'కేసు పెడతారన్నారు. ఏ సెక్షను అంటే చెప్పలేదు' అని ఉండాది. నడిమధ్యలో నాకు తెలియకుండా ఆమె ఆఫీసుకు వచ్చిన రోజులు ఎన్నో ఉండినాయి. 'మేడమ్ మీటింగులో ఉన్నారు.' 'మేడమ్ జిల్లాకు పోయినారు.' 'సోమవారం రమ్మన్నారు.' 'సోమవారం సెలవు.' చివరి పేజీలో 'సిస్టమ్ తప్పు అన్నారు. సిస్టములో ఎవరు పెట్టినారో చెప్పలేదు.'

ముప్పై ఏండ్లు నేను పిల్లల నోటుపుస్తకాలు దిద్దినాను. నా ఉద్యోగాన్ని ఒకరు ఇట్లా రాసిపెట్టింటారని అనుకోలేదు.

"నేనే పెట్టించినాను" అన్నాను.

"ఏం మేడమ్?" అనింది ఆమె. మగ్గాల సప్పుడుకు వినబడలేదు.

ఇంకోసారి అన్నాను. మళ్ళా వినబడలేదు. మెల్లిగా ఒప్పుకుని బయటపడదామనుకుంటే కుదరలేదు. లేచి నిలబడి, వీధిలో కూరగాయలమ్మే మనిషి మాదిరి గొంతు పెట్టి అరవాల్సి వచ్చింది. "వలస అని పెట్టించింది నేనే."

ఆమె భర్త మగ్గం ఆపేసినాడు. ఒకటి ఆగితే తక్కినవీ ఆపేసినాడు. పాప కూడా చదవడం ఆపింది. ఆయన చేతులకు అంటిన నూనె గుడ్డతో తుడుచుకుంటా వచ్చి నా ఎదురుగా నిలబడినాడు. తిడతాడనుకున్నాను. తిట్టింటే బాగుండు.

"ఈడే ఉండాము గదా మేడమ్" అన్నాడు. "నాలుగేండ్లూ ఈ మగ్గాల కాడే ఉండాము. ఒక్కసారి వచ్చి చూసింటే అయిపోయేది గదా."

ఆమె మాత్రం ఒకటే అనింది. "రాసియ్యండి మేడమ్."

మరుసటి దినం పొద్దున హైస్కూలు హెడ్మాస్టరు గదిలో నలుగురం కూర్చున్నాము. ఆయనా, నేనూ, తల్లీ, పాపా. ఆ హెడ్మాస్టరు పాతకాలం మనిషి, నిక్కచ్చి. భయస్తుడు కూడా. "కంప్యూటరులో ఐడీ లేకుండా ఎక్కించుకుంటే నా మెడకు సుట్టుకుంటాది మేడమ్" అన్నాడు.

"కంప్యూటరు సంగతి నేను చూసుకుంటాను. మీ కాడ అట్ట కట్టిన అడ్మిషను రిజిస్టరు ఉండాది కదా, చేత్తో రాసేది. దాంట్లో రాయండి. చట్టంలో చేర్చుకోమని ఉండాది గానీ లాగిన్ అవమని లేదు" అన్నాను.

"అయితే వలస ఎట్లా వచ్చిందో, ఎందుకు తప్పో, మీరు వాంగ్మూలం రాసియ్యండి. అది పెట్టుకుని ఎక్కిస్తాను."

తెల్లకాగితం తీసుకుని రాసినాను. ఆ తర్వాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను, అవి పెద్ద సంగతులు కావు. ఆ వాంగ్మూలం నకలు జిల్లాకు పంపినాను. నాకు మెమో వచ్చింది, జవాబు రాసినాను. రిటైర్మెంటు కాగితాలు కొన్నాళ్ళు తొక్కిపట్టినారు. ప్రశంసాపత్రం ఫ్రేములోనుంచి తీసి వెనక్కి పంపితే, వెనక్కి తీసుకునే పద్ధతి లేదని తిప్పి పంపినారు. ఆ ఏడు మా ఆఫీసు వలస పెట్టిన మిగతా పేర్లన్నీ మళ్ళా ఇల్లిల్లూ తిరిగి చూడమని రాసినాను. దానికి ఇప్పటిదాకా జవాబు లేదు. ఆ బిడ్డల్లో ఎందరు నిజంగా పోయినారో, ఎందరు మన వీధుల్లోనే ఉండారో నాకు తెలీదు. తెలుసుకోవాల్సినోళ్ళకు తీరిక లేదు. ఆ యాప్‌లో ఇంట్లో చదువుతా ఉండే బిడ్డకు ఒక గడి పెట్టమని కూడా రాసినాను. పెట్టినారని నేనైతే వినలేదు. కొత్త మేడమ్‌లు మాత్రం కేసు పెట్టేదా అని పెండ్లిండ్లలో అడగతా ఉండారు.

సరే, ఆ గదికి వస్తాను. రాయడం అయిపోయి సంతకం పెట్టబోతే హెడ్మాస్టరు చెయ్యి అడ్డం పెట్టినాడు.

"కింద ఆ వాక్యం రాయలేదు మేడమ్."

ఏ వాక్యమో నాకు తెలుసు. ఏ వాంగ్మూలమైనా దాంతోనే ముగుస్తాది. 'పై వాంగ్మూలమును చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని సంతకము చేసితిని.' నా ఉద్యోగంలో ఎందరి చేతనో అది రాయించుకున్నాను. ఎవరికీ చదివి వినిపించింది లేదు. రాసి, గబగబా సంతకం పెట్టించుకుని, ఫైల్లో పెట్టేది. అదే మాదిరి రాసేసి మళ్ళా పెన్ను ఆనించినాను.

"చదివి వినిపించలేదు గదా మేడమ్" అన్నాడు ఆ నిక్కచ్చి మనిషి. "రాసినోళ్ళు చదవగూడదు, ఇంకొకరు చదవాల. తీసుకునేవాణ్ణి నేను చదవగూడదు. అటెండరును పిలిచేదా?"

పాప చెయ్యి చాపింది. నా వైపు కాదు, కాగితం వైపు.

హెడ్మాస్టరు తల్లి వైపు చూసినాడు. నేను కాగితం ఇచ్చినాను.

ఆ గదిలో మగ్గాలు లేవు. పైన ఫ్యాను తిరగతా ఉండాది, అంతే. పాప లేచి నిలబడి మొదలుపెట్టింది. మొదటి మాట కాడే ఆగింది. పెదాలు కదలతా ఉండాయి, మాట రావడం లేదు. నేను కిందికి చూస్తా కూర్చున్నాను. మాట వచ్చింది. నా పేరు, నా హోదా, మండలం. 'సదరు విద్యార్థిని ఎక్కడికీ వలస పోలేదని తెలిసియుండియు' అనే చోట 'వ' కాడ మళ్ళా చిక్కుకునింది. చానాసేపు. హెడ్మాస్టరు అందించబోతే తల్లి చెయ్యి కొంచెం ఎత్తి ఆపింది.

అంతలో ఇంటర్వెల్ గంట కొట్టినారు. పిల్లలంతా ఒక్కసారిగా బయటికి ఉరికినారు, వరండా అంతా గోల. ఆ గోలలో చదివేసింటే మాకెవరికీ సరిగ్గా వినబడేది కాదు, ఇంట్లో మాదిరే. చదివేస్తాదనుకున్నాను. పాప చదవలేదు. కాగితం పట్టుకుని గోల తగ్గేదాకా నిలబడింది. హెడ్మాస్టరు లేచి పోయి తలుపేసి వచ్చినాడు. అప్పుడు మళ్ళా అదే మాట నుంచి ఎత్తుకునింది.

"వలస పోలేదని తెలిసియుండియు, వలస అని నేనే నమోదు చేయించితిని. ఇది సిస్టమ్ తప్పు కాదు. నా తప్పు."

'నా తప్పు' అనేదాన్ని ఒకేసారి, తడబడకుండా చదివింది. కావాలని కాదు, ఆ రెండు మాటలూ ఆమెకు సులువుగా వచ్చినట్టుండాయి. చివరి వాక్యం కూడా చదివి, కాగితం నా ముందర పెట్టింది.

నేను విన్నాను. సరి అని ఒప్పుకున్నాను. సంతకం పెట్టినాను.

హెడ్మాస్టరు అట్ట కట్టిన రిజిస్టరు తెరిచి, పాప పేరు పాపనే అడిగి, ఆమె చెప్పేదాకా పెన్ను ఎత్తి పట్టుకుని, రాసుకున్నాడు.

తల్లి నోటుపుస్తకం తీసి, పెన్ను మూత తెరిచింది. నా వైపు చూసింది.

"ఏ సెక్షను కింద చేర్చుకున్నారు మేడమ్?"

"నాలుగో సెక్షనమ్మా" అన్నాను.

రాసుకునింది.